దాచిన దానం, దాచిన డబ్బు

(హక్కుల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన అంశం 'రాజకీయ ప్రచార సంస్థలు, వాటి నిధులు'. విషయంలోకి వెళ్ళేముందు, ఉదయం చాయ్ విరామంలో ఒక యువ సోదరుడు నన్ను అడిగిన ప్రశ్నను మీ ముందుంచుతాను. "మన ధర్మం గుప్తదానాన్ని మెచ్చుకుంటుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనంత గోప్యంగా ఇచ్చేవాణ్ణి దైవప్రవక్త (స) ప్రశంసించారు. అలాంటప్పుడు ఏ సంస్థకు ఎవరు డబ్బిచ్చారో బయటపెట్టాలని మనం కోరడం సబబేనా?" అని అతను అడిగాడు.

ఇది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పైగా దీనికి మరో కోణం ఉంది. దాతల పేర్లు బయటపెట్టాలనే నియమం వస్తే, అది ముందుగా ఎవరి మీద ప్రయోగింపబడుతుంది? మన మదర్సాల మీద, మన న్యాయసహాయ సంఘాల మీద కాదా? కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే నా ప్రసంగమంతా అనుకోండి. అందుకోసం మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెళ్ళవలసి ఉంటుంది.

అమెరికా ఆగ్నేయ తీరంలో నార్త్ కరోలినా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని రాలీ. రాలీ పక్కనే ఉన్న కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ సభలో కూర్చున్నవారిలోనూ ఎవరి కొడుకో, ఎవరి మేనకోడలో అక్కడ ఉండవచ్చు. కానీ నేను ఆ రాష్ట్రాన్ని ఎంచుకున్నది అందుకు కాదు. ఒక రాష్ట్ర స్థాయి రాజకీయ ప్రచార సంస్థ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ డబ్బు వెనుకనే ఏ చట్టాలు వచ్చాయో, కాగితాల ఆధారంగా మొదటి నుంచి చివరి వరకు చదవగలిగిన ఉదాహరణలు ప్రపంచంలో అరుదు. అలాంటి అరుదైన ఉదాహరణ అక్కడ దొరుకుతుంది.

2005లో రాలీలో సివిటాస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏర్పడింది. సివిటాస్ అన్నది లాటిన్ మాట. పౌరుల సమూహం అని దాని భావం. పన్నులు తగ్గాలి, ప్రభుత్వ వ్యయం తగ్గాలి, ఓటు వేయడానికి వచ్చినవారు ఫోటో గుర్తింపు కార్డు చూపాలి, ఇవీ ఆ సంస్థ వాదనలు. సంప్రదాయవాద సంస్థ అని అది తన గురించి తానే చెప్పుకునేది. అందులో దాపరికమేమీ లేదు. తన అభిప్రాయాన్ని చెప్పుకునే హక్కు దానికి ఉంది. మనం మనకోసం కోరుతున్నదీ ఆ హక్కునే. కనుక ఆ వాదనలతో నాకున్న విభేదాలను ఇక్కడ చర్చించబోవడం లేదు.

నన్ను ఆలోచింపజేసింది దాని పద్దు పుస్తకం. ఆ సంస్థ మొదలైననాటి నుంచి 2011 వరకు దానికి అందిన నిధుల్లో 97 శాతానికి పైగా ఒకే ఒక కుటుంబ ఫౌండేషన్ నుంచి వచ్చాయని, ఆ సంవత్సరం 'ద న్యూయార్కర్' పత్రికలో జేన్ మేయర్ అనే పాత్రికేయురాలు రాసిన సుదీర్ఘ కథనం వెల్లడించింది. ఆ కుటుంబం పోప్ కుటుంబం. ఆర్ట్ పోప్ అనే వ్యాపారి తండ్రి పేరిట నెలకొన్న జాన్ విలియం పోప్ ఫౌండేషన్ ఆ డబ్బు ఇచ్చింది. ఆ కుటుంబ వ్యాపారం వెరైటీ హోల్‌సేలర్స్ అనే చౌక ధరల దుకాణాల సంస్థ. 'రోజెస్', 'మాక్స్‌వే' వంటి పేర్లతో దక్షిణాది రాష్ట్రాల్లో వందల దుకాణాలు దానివి. తక్కువ ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబాలు, వారిలో చాలామంది నల్లజాతివారు, బట్టలూ వంటసామానూ కొనుక్కునే దుకాణాలవి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పేరేమో పౌరుల సమూహం. పెట్టుబడేమో ఒక్క ఇంటిది.

ఇలాంటి సంస్థ రోజూ ఏం చేస్తుంది? క్రమం తప్పకుండా ప్రజాభిప్రాయ సేకరణ జరిపి ఫలితాలు పత్రికలకు ఇస్తుంది. శాసనసభ్యులు ఏ బిల్లుకు ఎలా ఓటు వేశారో చూసి మార్కులు వేస్తుంది. కార్యకర్తలకు శిక్షణ ఇస్తుంది. వ్యాసాలు, నివేదికలు రాయిస్తుంది. అదే ఊళ్ళో 1990 నుంచి పనిచేస్తున్న జాన్ లాక్ ఫౌండేషన్ అనే మరో సంస్థకూ ప్రధాన పోషకుడు పోప్ కుటుంబ ఫౌండేషనే. ఒక సంస్థ సర్వేను మరొక సంస్థ నివేదిక ఉటంకిస్తుంది. ఆ రెండింటినీ శాసనసభ్యుడు సభలో ఉటంకిస్తాడు. మరునాడు పత్రికలో చదివే సామాన్యుడికి, 'ఇంతమంది ఒకే మాట చెబుతున్నారంటే నిజమే అయి ఉంటుంది' అనిపిస్తుంది. ఒకే బావి నీళ్ళు పది కుళాయిల్లోంచి వస్తుంటే పది బావులున్నాయని భ్రమపడడం సహజం. చివరికి 2021 ఆరంభంలో సివిటాస్ జాన్ లాక్ ఫౌండేషన్‌లోనే విలీనమయింది.

ఇక్కడ అమెరికా చట్టంలోని ఒక ఏర్పాటును అర్థం చేసుకోవాలి. అక్కడ ఇలాంటి సంస్థలు సాధారణంగా జంటగా ఉంటాయి. మొదటిది ధర్మసంస్థగా నమోదవుతుంది. దానికిచ్చిన విరాళంపై దాతకు పన్ను మినహాయింపు లభిస్తుంది. ప్రతిగా ఆ సంస్థ ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. రెండోది అదే కుటుంబానికి చెందిన చెల్లెలి వంటి సంస్థ. దానికిచ్చిన డబ్బుపై మినహాయింపు ఉండదు గాని, అది రాజకీయాల్లోకి దిగవచ్చు. సివిటాస్ ఇన్‌స్టిట్యూట్ మొదటి తరహాది, సివిటాస్ యాక్షన్ రెండో తరహాది. ఒకటి అధ్యయనం చేస్తుంది, మరొకటి ఆ అధ్యయనాన్ని పట్టుకుని ఎన్నికల కరపత్రం వేస్తుంది. చట్టప్రకారం రెండూ వేరు.

2010 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 'సిటిజన్స్ యునైటెడ్' కేసులో తీర్పు ఇచ్చింది. కంపెనీలు అభ్యర్థులకు నేరుగా ఇవ్వకుండా, స్వతంత్రంగా ఎన్నికల ప్రచారంపై ఎంతైనా ఖర్చు చేయవచ్చునని ఆ తీర్పు సారాంశం. అంతకుముందు నార్త్ కరోలినాలో అలాంటి ఖర్చుపై నిషేధం ఉండేది. ఆ ఏడాది నవంబరులో జరిగిన రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో పోప్, ఆయన కుటుంబం, ఆయన అండ ఉన్న సంస్థలు కలిసి 22 స్థానాలపై దృష్టి పెట్టి సుమారు 22 లక్షల డాలర్లు ఖర్చు చేశాయి. వాటిలో 18 స్థానాలు ఆయన కోరుకున్న వైపు వెళ్ళాయి. ఆ ఎన్నికల్లో బయటి సంస్థలు చేసిన మొత్తం వ్యయంలో మూడు వంతులు ఆయనతో సంబంధమున్న ఖాతాల నుంచే వచ్చిందని డర్హమ్ నగరంలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సదరన్ స్టడీస్ లెక్కకట్టింది. 1870 తర్వాత తొలిసారిగా రెండు సభలూ రిపబ్లికన్ పార్టీ చేతికి వచ్చాయి.

22 లక్షల డాలర్లంటే అప్పటి మారకం ప్రకారం దాదాపు పది కోట్ల రూపాయలు. మన దగ్గర ఒక్క అసెంబ్లీ స్థానానికి ఎంత ఖర్చవుతుందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఆ డబ్బే అన్నిటినీ గెలిపించిందని నేను అనను. ఆ ఏడాది దేశమంతటా రిపబ్లికన్లకు అనుకూలమైన గాలి వీచింది. పోప్ కూడా తన నమ్మకాల కోసం తన డబ్బు ఖర్చు చేసుకునే హక్కు తనకుందని వాదించారు. కానీ ఎన్నిక జరిగిన సంవత్సరం ఏదో చూడండి. 2010 జనాభా లెక్కల సంవత్సరం. ఆ సభ ఎవరి చేతిలో ఉంటే, వచ్చే పదేళ్ళకు నియోజకవర్గాల సరిహద్దులు వారే గీస్తారు. 2011లో గీశారు. 2012లో పార్లమెంటు దిగువ సభకు జరిగిన ఎన్నికల్లో ఆ రాష్ట్రంలో డెమొక్రాట్లకు మొత్తం మీద కొంచెం ఎక్కువ ఓట్లు వచ్చాయి. కానీ 13 స్థానాల్లో 9 రిపబ్లికన్లకు దక్కాయి. ఆ సరిహద్దుల్లో రెండు నియోజకవర్గాలను జాతి ప్రాతిపదికన గీశారని సుప్రీంకోర్టు నిర్ధారించేసరికి 2017 వచ్చింది. ఈలోగా ఆ సరిహద్దులతో రెండు ఎన్నికలు జరిగిపోయాయి.

2013లో ఆర్ట్ పోప్ స్వయంగా కొత్త గవర్నర్ వద్ద రాష్ట్ర బడ్జెట్ డైరెక్టర్ అయ్యారు. ఆ ఏడాది జూన్ 25న సుప్రీంకోర్టు 'షెల్బీ కౌంటీ' కేసులో, 1965 నాటి ఓటుహక్కుల చట్టంలోని ఒక కీలకమైన రక్షణను నిర్వీర్యం చేసింది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్న నియమం దాంతో పనిచేయకుండా పోయింది. రెండు నెలలు తిరక్కముందే నార్త్ కరోలినా కొత్త ఎన్నికల చట్టం తెచ్చింది. సివిటాస్ ఎంతోకాలంగా వాదిస్తూ వచ్చిన ఫోటో గుర్తింపు కార్డు నిబంధన అందులో ఉంది. ముందస్తు ఓటింగ్ రోజులు 17 నుంచి 10కి తగ్గాయి. ఓటు వేయడానికి వచ్చిన రోజే పేరు నమోదు చేసుకునే సౌకర్యం పోయింది.

ముందస్తు ఓటింగ్ రోజులు తగ్గితే ఏమవుతుందని అనిపించవచ్చు. ఆ రాష్ట్రంలో నల్లజాతివారి చర్చిలకు ఒక ఆనవాయితీ ఉంది. ఆదివారం ప్రార్థన ముగియగానే అందరూ బస్సుల్లో కలిసి వెళ్ళి ఓటు వేసి వస్తారు. మనం జుమా నమాజు తర్వాత ఒక పనికి కలిసి కదిలినట్టే. ముందస్తు ఓటింగ్‌లో అలాంటి ఆదివారాలు రెండు ఉండేవి. రోజులు తగ్గడంతో ఒకటి పోయింది. శాసనకర్తలు ఏ జాతివారు ఏ విధంగా ఓటు వేస్తున్నారన్న సమాచారం ముందే తెప్పించుకుని, నల్లజాతివారు ఎక్కువగా వాడే సౌకర్యాలను ఏరి తొలగించారని 2016 జులై 29న ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తేల్చింది. శస్త్రవైద్యుడి కత్తి అంత గురిగా ఈ పని జరిగిందని న్యాయమూర్తులు వ్యాఖ్యానించి ఆ చట్టాన్ని కొట్టివేశారు. చౌక దుకాణంలో సరుకు కొన్న చేతులే ఓటు దగ్గరికి వచ్చేసరికి ఆగవలసి వచ్చింది. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే.

అదే సభ, అదే 2013 ఆగస్టులో, మరో చట్టం కూడా తెచ్చింది. విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి కుటుంబ వ్యవహారాల్లో విదేశీ చట్టాలను న్యాయస్థానాలు అమలు చేయడాన్ని అది పరిమితం చేసింది. గవర్నర్ సంతకం చేయలేదు. సంతకం లేకుండానే అది చట్టమయింది. అందులో 'షరీఅత్' అన్న మాట ఎక్కడా లేదు. కానీ ఎవరిని ఉద్దేశించినదో అందరికీ తెలుసు. ఆ చట్టాన్ని సివిటాస్ రాసిందని నేను అనడం లేదు, అలా అనడం అన్యాయం. అలాంటి బిల్లులకు నమూనా డేవిడ్ యెరుషల్మీ అనే న్యాయవాది తయారు చేసినది. ఆ ధోరణిని పోషించిన నిధులు వేరు. 2011లో సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ ప్రచురించిన 'ఫియర్, ఇంక్' నివేదిక ప్రకారం, 2001 నుంచి 2009 వరకు ఏడు ఫౌండేషన్లు ముస్లిం వ్యతిరేక ప్రచార బృందాలకు 4 కోట్ల 26 లక్షల డాలర్లు అందించాయి. ఒక డబ్బు సభలోని కుర్చీలను మార్చింది, మరొక డబ్బు ఆ కుర్చీల ముందు బల్లపై ఒక కాగితం పెట్టింది. రెండింటినీ కలిపి ఒకే కుట్రగా చెబితే వినడానికి బాగుంటుంది గాని, నిజం కాదు. మన పత్రికలు ఈ తేడా పాటించాలని నా విన్నపం.

ఇప్పుడు ఈ లెక్కలు ఎలా బయటికొచ్చాయో చూద్దాం. ఎవరూ దొంగచాటుగా సంపాదించినవి కావు. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన సంస్థల్లో చాలావరకు ఏటా ఆదాయపు పన్ను శాఖకు ఒక పత్రం సమర్పిస్తాయి. దాన్ని ఎవరైనా అడిగి చదవవచ్చు. సివిటాస్ వంటి సంస్థ తన పెద్ద దాతల పేర్లను ఆ పత్రానికి అనుబంధంగా శాఖకు చెబుతుంది. కానీ ఆ పేర్లు ప్రజలకు చూపనక్కరలేదు. అయితే పోప్ ఫౌండేషన్ వంటి ప్రైవేటు కుటుంబ ఫౌండేషన్‌కు ఆ వెసులుబాటు లేదు. తాను ఎవరికి ఎంత ఇచ్చిందో పేరుపేరునా చూపవలసిందే. పుచ్చుకున్నవాడి తలుపు మూసి ఉంది, ఇచ్చినవాడి తలుపు తెరిచి ఉంది. పాత్రికేయులు ఆ రెండో తలుపు దగ్గర కూర్చుని సంవత్సరాల వారీగా కూడికలు చేశారు, అంతే. ఆ దాత వేరే దారిలో, అంటే పేర్లు చెప్పని మధ్యవర్తి నిధి ద్వారా ఇచ్చి ఉంటే, ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇంతవరకు విన్నాక, 'అయితే అన్ని పేర్లూ బయటపెట్టాల్సిందే' అని మీకు అనిపించి ఉండవచ్చు. కొద్దిగా ఆగండి.

2013 ఏప్రిల్ చివరి సోమవారం, రెవరెండ్ విలియం బార్బర్ నాయకత్వంలో 17 మంది నార్త్ కరోలినా శాసనసభ భవనంలో శాంతియుతంగా నిలబడి అరెస్టయ్యారు. 'మోరల్ మండే' అని పేరుపడ్డ ఆ సోమవారాలు కొనసాగాయి. వేసవి ముగిసేసరికి అరెస్టయినవారు 900 దాటారు. ఉపాధ్యాయులు, వైద్యులు, పాస్టర్లు, వృద్ధులు అందులో ఉన్నారు. అప్పుడు సివిటాస్ ఏం చేసింది? అరెస్టయినవారి పేర్లు, ఊళ్ళు, వృత్తులు, పోలీసులు తీసిన ఫోటోలతో ఒక జాబితా తయారు చేసి జనం ముందు పెట్టింది. ఆ ముఖాలతో ఒక ఆట కూడా రూపొందించింది. 'నిరసనకారుణ్ణి ఎంచుకోండి' అని దాని పేరు. అరెస్టు వివరాలు ప్రజాపత్రాలే కనుక చట్టప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ అద్దె ఇంట్లో ఉంటూ చిన్న ఉద్యోగం చేసుకునే మనిషికి తన ముఖం అలా వేలాడడం ఎలా ఉంటుందో మనకు వేరొకరు చెప్పాలా?

పేర్లు అడగడం అమెరికాలో కొత్త ఆయుధమేమీ కాదు. 1956లో అలబామా రాష్ట్రం, నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి.ని తన సభ్యుల జాబితా ఇమ్మని న్యాయస్థానం ద్వారా ఆదేశించింది. ఆ రోజుల్లో అలబామాలో ఆ జాబితాలో పేరుండడమంటే ఉద్యోగం పోవడం, ఇంటిమీద దాడి జరగడం. సంస్థ ఇవ్వలేదు. లక్ష డాలర్ల జరిమానా పడింది. అయినా ఇవ్వలేదు. 1958లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంస్థ పక్షాన నిలిచింది. సంఘంగా కూడే స్వేచ్ఛలో, ఎవరితో కూడామో గోప్యంగా ఉంచుకునే స్వేచ్ఛ కూడా ఉందని ప్రకటించింది.

అరవై మూడేళ్ళ తర్వాత ఆ తీర్పును పట్టుకుని సుప్రీంకోర్టు మెట్లెక్కినవారు ఎవరో తెలుసా? కోటీశ్వరులైన కోచ్ సోదరుల పేరుతో ముడిపడిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పరిటీ ఫౌండేషన్. ఆర్ట్ పోప్ కూడా ఆ కూటమిలో డైరెక్టర్‌గా పనిచేసినవారే. పెద్ద దాతల జాబితాను తమకు గోప్యంగా సమర్పించాలని కాలిఫోర్నియా రాష్ట్రం అడుగుతుండేది. గోప్యమన్న ఆ జాబితాలు దాదాపు 2,000 పొరపాటున ఆ రాష్ట్ర వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి. 2021 జులై 1న సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో కాలిఫోర్నియా నిబంధనను కొట్టివేసింది. నల్లజాతి పేదల ప్రాణరక్షణకు కట్టిన గోడ ఇప్పుడు కోటీశ్వరుల తోటకు ప్రహరీ అయిందని చాలామంది విమర్శించారు.

ఇంతకన్నా విచిత్రం మరొకటుంది. ఆ కేసులో ఫౌండేషన్ వాదనకు మద్దతుగా పత్రాలు దాఖలు చేసిన వందల సంస్థల్లో, అమెరికాలోని ప్రధాన ముస్లిం హక్కుల సంస్థ కౌన్సిల్ ఆన్ అమెరికన్-ఇస్లామిక్ రిలేషన్స్ కూడా ఉంది. ప్రధాన న్యాయమూర్తి తన తీర్పులో దాని పేరు ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఆ ఫౌండేషన్‌తో పాటు కేసు వేసిన రెండో సంస్థ థామస్ మోర్ లా సెంటర్. పాఠశాలల్లో ఇస్లాం గురించి చెప్పే పాఠాలకు వ్యతిరేకంగా దావాలు నడిపిన సంస్థ అది! ఆ ఇద్దరూ ఒకే వరుసలో నిలబడ్డారు. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వారి భయం అర్థమయింది. సెప్టెంబర్ 11 తర్వాత అమెరికా ముస్లింలు జకాత్ ఇవ్వడానికే జంకిన సంవత్సరాలున్నాయి. చెక్కుపై పేరు రాస్తే రేపు ఏ అధికారి తలుపు తడతాడోనని భయం. అలాంటి సమాజం దాతల గోప్యతను సమర్థించకుండా ఎలా ఉంటుంది?

ఇక ఆ యువ సోదరుడి ప్రశ్నకు వస్తాను. సూరె బఖరా 271వ ఆయత్‌ను మరోసారి శ్రద్ధగా చదవండి. దానాలు బహిరంగంగా ఇచ్చినా మంచిదేనని అక్కడ ఉంది. గోప్యంగా, పేదలకు అందజేస్తే మరింత మేలని ఉంది. 'పేదలకు' అన్న మాట మనం వదిలేస్తుంటాం. గుప్తదానం ఎవరి కోసం? పుచ్చుకునేవాడి గౌరవం నిలవడం కోసం, ఇచ్చేవాడి మనసులో ప్రదర్శనబుద్ధి పుట్టకుండా ఉండడం కోసం. ఇచ్చిన తర్వాత దాతకు తిరిగి రావలసింది ఈ లోకంలో ఏమీ లేదు. రాజకీయ ప్రచారానికిచ్చే డబ్బు అలాంటిది కాదు. పుచ్చుకున్నవాడు పేదవాడు కాదు. ఇచ్చినవాడు ఆశించేది ఒక చట్టం, ఒక సరిహద్దు రేఖ, ఒక పన్ను రాయితీ. అది లావాదేవీ. లావాదేవీ గురించి అదే సూరెలో వేరే ఆయత్ ఉంది, 282వది. ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్ అదే. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయడానికి విసుగుచెందవద్దని అందులో వివరంగా ఉంది. దానానికి గోప్యత, లావాదేవీకి రాతకోతలు. దేన్ని దేని కింద చేర్చాలన్నదే అసలు సమస్య. పోప్ ఫౌండేషన్ డబ్బు పన్ను పత్రాల్లో ధర్మదానంగా నమోదయింది. పని మాత్రం లావాదేవీ పని చేసింది.

కనుక గోప్యత ఎవరిని ఎవరి నుంచి కాపాడుతోందో చూసి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. అలబామాలో అది బలహీనుణ్ణి అధికారం నుంచి కాపాడింది. నార్త్ కరోలినా తరహా ప్రచారంలో అది అధికారాన్ని బలహీనుడి చూపు నుంచి కాపాడుతుంది. ఈ విషయంలో మన పెద్దల్లో కొందరు నాతో ఏకీభవించరని తెలుసు. ఒక్క తలుపు తెరిస్తే అన్ని తలుపులూ బద్దలు కొడతారని వారి భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ రెండింటికీ మధ్య గీత గీయడం అసాధ్యం కాదని మన సుప్రీంకోర్టే చూపింది.

మన దేశంలో 2018లో మొదలైన ఎన్నికల బాండ్లు మీకందరికీ తెలుసు. స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇస్తే, ఇచ్చినవారి పేరు ప్రజలకు తెలియదు. మొత్తం 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడయ్యాయి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఆ తీర్పులో మనం ప్రత్యేకంగా చదవవలసిన భాగం ఒకటుంది. రాజకీయ అభిమానాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కు పౌరుడికి ఉందని న్యాయస్థానం ఒప్పుకుంది. చిన్న మొత్తం ఇచ్చే సామాన్యుడి విరాళం అతని అభిమానానికి గుర్తు. దానికి రక్షణ ఉండాలి. కోట్లు కుమ్మరించే కంపెనీ విరాళం ప్రతిఫలం కోసం కావచ్చు. దాన్ని తెలుసుకునే హక్కు ఓటరుకు ఉంది. అప్పటికే చట్టంలో 20,000 రూపాయల గీత ఉంది. ఆపైన ఇచ్చినవారి పేర్లను పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఆ తీర్పు తర్వాత వెలువడిన వివరాల్లో అధికార భారతీయ జనతా పార్టీ 6,000 కోట్లకు పైగా, మన భారత రాష్ట్ర సమితి 1,200 కోట్లకు పైగా నగదు చేసుకున్నట్టు తేలింది. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, తెలుగుదేశం కూడా వందల కోట్లలో ఉన్నాయి. మన ఓటు అడగడానికి వచ్చినవారిలో ఎవరూ ఈ లెక్క చెప్పి అడగలేదు.

అయితే ఆ తీర్పు పార్టీల వరకే. పార్టీ కాని ప్రచార సంస్థల సంగతి? ట్రస్టుగానో, సొసైటీగానో నమోదై, సర్వేలు, నివేదికలు, టీవీ చర్చల్లో 'నిపుణులు' సరఫరా చేసే సంస్థలు మన రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటి దాతల పేర్లు ఆదాయపు పన్ను శాఖకు తెలియవచ్చు, మీకూ నాకూ తెలియవు. నార్త్ కరోలినాలో పాత్రికేయులకు దొరికిన ఆ రెండో తలుపు మనకు లేదు. మన సంఘాలు కోరవలసిన చట్టం ఇక్కడ ఉంది. చట్టాలను, ఎన్నికలను ప్రభావితం చేయడానికి ఖర్చు చేసే ఏ సంస్థ అయినా, ఒక పెద్ద మొత్తానికి మించి ఇచ్చిన దాతల పేర్లు ప్రకటించాలి. అంతకు తక్కువ ఇచ్చినవారి జోలికి పోకూడదు. ఈ నియమం మనకూ వర్తించాలి. మనకు మినహాయింపు అడుగుతూ ఇతరులకు నియమం కోరితే మన మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా.

అందుకే చివరగా మన ఇంటి సంగతి. చాలా మస్జిద్ కమిటీలు జుమా రోజున బోర్డుపై వసూళ్ళు, ఖర్చులు రాస్తున్నాయి. మరికొన్ని 'అల్లాహ్‌కు తెలుసు' అని ఊరుకుంటున్నాయి. అల్లాహ్‌కు తెలుసన్న మాట నిజమే. ముహల్లావాళ్ళకు కూడా తెలియాలి. మొత్తాలు రాయండి. ఖర్చులు రాయండి. ఐదు వందలు ఇచ్చిన చిరుద్యోగి పేరు రాయనక్కరలేదు. అతను అడిగినా ఒకసారి ఆలోచించమని చెప్పండి. మన న్యాయసహాయ సంఘాలు కూడా చిన్న దాతల జాబితాను గుమాస్తా బల్లమీద పడేయకుండా భద్రపరచాలి.

ఒక్క విషయంలో మాత్రం పేరు తప్పనిసరి. ఎన్నికలు దగ్గర పడుతున్నప్పుడు ఎవరైనా అభ్యర్థి గాని, అతని మనిషి గాని వచ్చి మస్జిద్‌కు ఏసీలు పెట్టిస్తానన్నా, ఖబ్రస్తాన్‌కు ప్రహరీ కట్టిస్తానన్నా, దాన్ని సదఖా ఖాతాలో వేయకండి. తీసుకోవాలా వద్దా అన్నది కమిటీ అంతా కూర్చుని తేల్చండి. తీసుకుంటే వేరే పేజీలో, ఇచ్చినవారి పేరు, తేదీ, మొత్తం, ఏ పార్టీ అన్నది సిరాతో రాయండి. ఆ పేజీని బోర్డుపై పెట్టి, ఎన్నికలు అయ్యేదాకా తీయకండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఉదయం అడిగిన సోదరుడికి మొదటి అవకాశం. వస్సలాం.